గుండెదడ – అలంకారమూ, వాస్తవమూ

మన కథల్లోనూ నవలల్లోనూ గుండె చేసినంత చాకిరీ మరే అవయవమూ చెయ్యదు. ఉత్తరం వస్తే గుండె ఝల్లుమంటుంది. ఇంటిముందు పోలీసు జీపు ఆగితే గుభేలుమంటుంది. అప్పులవాడు గుమ్మంలో నిలబడితే గుండెల్లో రైళ్ళు పరుగెడతాయి. కొడుకు జాడ తెలియని తల్లికి గుండె చెరువవుతుంది. ఇన్ని పలుకుబళ్ళున్న భాషలో ఒక మనిషి మన దగ్గరకొచ్చి "నాకు గుండె దడగా ఉంది" అంటే, మన నోటికి వెంటనే వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఎందుకు, ఏమైంది?" అంటే, కారణాన్ని ఆ మనిషి మనసులోనో సంసారంలోనో వెతకడం మొదలుపెడతాం. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, లయ సమంగా ఉందా తప్పుతోందా అని మాత్రం అడగం.

ఈ రెండో రకం ప్రశ్నలు ఎందుకు అడగాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను వైద్యుణ్ణి కాను, తెలుగు పంతుల్ని. అయినా ఈ విషయం సాహిత్య పత్రికలో రాయడానికి బలమైన కారణం ఉంది. గాయం పక్కవాడికి కనిపిస్తుంది. జ్వరం చెయ్యి వేస్తే తెలుస్తుంది. గుండెదడ అలా కాదు. దానికి చాలాసార్లు సాక్షి ఒక్కరే, అది అనుభవించిన మనిషి. వైద్యుడి దగ్గరకు వెళ్ళేసరికి అది తగ్గిపోయి ఉంటుంది, యంత్రం కూడా ఏమీ చూపదు. ఇక మిగిలేది ఆ మనిషి చెప్పే కథనం. ఆ కథనాన్ని ఎలా చెప్పాలి, ఎలా వినాలి, ఎవరి మాటను నమ్మాలి అనేవి వైద్యానికి ఎంత సంబంధించిన ప్రశ్నలో సాహిత్యానికీ అంతే సంబంధించిన ప్రశ్నలు.

1

మన ఆలంకారికులు సాత్త్విక భావాలు ఎనిమిదన్నారు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. శరీరంలో కనిపించే ప్రతి మార్పునూ మనసులోని భావానికి గుర్తుగా చదివే పద్ధతి ఇది. రంగస్థలానికి అది అవసరమే. ఈ ఎనిమిదింటిలో గుండెదడ లేకపోవడం గమనించదగ్గ విషయం. చెమట, వణుకు, కన్నీరు ప్రేక్షకుడికి కనిపిస్తాయి, గుండెదడ కనిపించదు. కానీ ఆధునిక సాహిత్యం వచ్చేసరికి ఆ చూపులేని లక్షణాన్ని కూడా మనం ఆ జాబితాలో చేర్చేశాం. చెమటకు ఎండ కారణం కావచ్చుననీ, వణుకుకు మలేరియా కారణం కావచ్చుననీ ఒప్పుకున్న రచయిత కూడా, దడకు మాత్రం ప్రేమో భయమో దుఃఖమో తప్ప వేరే కారణాన్ని ఊహించడు.

ఇది భావవాదం. దీని ఫలితం పుస్తకాల్లోనే ఆగిపోతే ఇంత బాధపడనక్కరలేదు. అది మా ఇంట్లోకి కూడా వచ్చింది.

మా పెద్దక్క కుట్టుమిషను మీద బతికింది. పెళ్ళయిన కొన్నేళ్ళకు ఆమెకు దడ మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం. ఇంట్లో అందరం తలా ఒక అర్థం చెప్పాం. అమ్మ బెంగ అంది. అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. ఒక వైద్యుడు నరాల బలహీనత అని టానిక్కూ, నిద్రమాత్రలూ రాశాడు. అప్పటికి నేను ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. సెలవులకు వెళ్ళినప్పుడు అక్క నాతో ఇలా అంది: "ఒరే తమ్ముడూ, మిషను తొక్కుతుంటే సూది కొన్ని కుట్లు వేసి కొన్ని వదిలేస్తుంది చూడు, నా గుండె అట్లా కొట్టుకుంటోందిరా. ఒక లెక్కంటూ లేదు."

నాకు ఆ పోలిక చాలా నచ్చింది. నోటుపుస్తకంలో రాసుకున్నాను. తర్వాత ఒక కథలో వాడుకున్నాను. ఆ కథలో వదిలేసిన కుట్లు స్త్రీ జీవితంలోని వెలితికి ప్రతీకలు. కథ ఒక చిన్న పత్రికలో అచ్చయింది, మిత్రులు మెచ్చుకున్నారు. ఆ మరుసటి ఏడాది, 2006లో, ఒక ఉదయం అక్కకు మాట పడిపోయింది, కుడిచెయ్యి లేవలేదు. అప్పటికి ఆమె వయసు 31. పెద్దాసుపత్రిలో తేలిన సంగతి ఇది: చిన్నప్పుడు కీళ్ళనొప్పులతో వచ్చిన జ్వరం గుండెలోని మైట్రల్ కవాటాన్ని దెబ్బతీసింది. కవాటం ఇరుకైపోయి, పై గది ఉబ్బి, లయ చెడింది. ఆ గదిలో గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరి పక్షవాతం వచ్చింది.

అక్క చెప్పింది ఉపమానం కాదు, కేవలం వాస్తవం. లయ పూర్తిగా తప్పిన నాడిని అంతకంటె కచ్చితంగా వర్ణించడం కష్టమని తర్వాత ఒక గుండె వైద్యుడు నాతో అన్నాడు. సాక్ష్యం సరిగ్గానే ఉంది. వినవలసిన చెవి దాన్ని అలంకారంగా విన్నది. ఈ ఆత్మవిమర్శ లేకుండా ఈ వ్యాసం రాసే హక్కు నాకు లేదు.

2

గుండె ఎవరో కొడితే కొట్టుకునే డప్పు కాదు. దాని కదలికకు కావలసిన విద్యుత్తు దానిలోనే పుడుతుంది. కుడి కర్ణిక పైభాగంలో ఒక చిన్న కణజాలం ఉంది. మన పాఠ్యపుస్తకాలు దాన్ని సిరాకర్ణికా కణుపు అంటాయి. 1907లో ఇంగ్లండులో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ అనే ఇద్దరు దాన్ని గుర్తించారు. అంతకు ముందు ఏడాదే జర్మనీలో పనిచేస్తున్న తవారా అనే జపాను శాస్త్రజ్ఞుడు, పై గదుల నుంచి కింది గదులకు విద్యుత్తు వెళ్ళే దారిలో ఉన్న రెండో కణుపును వర్ణించాడు. మొదటి కణుపు ఆదేశం ఇస్తుంది, రెండోది క్షణంలో కొద్దిభాగం ఆగి దాన్ని కిందికి పంపుతుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో ఇది నిమిషానికి 60 నుంచి 100 సార్లు జరుగుతుంది. రోజుకు లెక్కవేస్తే దాదాపు లక్షసార్లు.

ఈ లక్షలో ఒక్కటి కూడా మామూలుగా మనకు తెలియదు. తెలియడమే దడ. వేగంగా కొట్టుకున్నా, బలంగా కొట్టుకున్నా, లయ తప్పినా తెలుస్తుంది. ఒక్కొక్కప్పుడు గుండె మామూలుగానే ఉన్నా, నిశ్శబ్దమైన రాత్రి ఎడమపక్కకు తిరిగి పడుకుంటే తెలుస్తుంది. కాబట్టి దడ అనేది రోగం పేరు కాదు, ఒక అనుభవం పేరు. దాని వెనక ఏమీ లేకపోవచ్చు, చాలా ఉండవచ్చు.

ఛందస్సు చదువుకున్నవారికి ఈ తేడాలు తెలుసుకోవడం కష్టం కాదు. చాలామందికి అనుభవమయ్యే దడ ఇలా ఉంటుంది: సమంగా నడుస్తున్న గుండె ఒక్కసారి ఆగినట్టనిపించి, వెంటనే ఒక బలమైన దెబ్బ. నిజానికి గుండె ఆగదు. ఒక స్పందన ముందుగా పడుతుంది, దాని వెంట కొంచెం విరామం వస్తుంది. ఆ విరామంలో గుండె ఎక్కువ రక్తంతో నిండడం వల్ల తర్వాతి దెబ్బ గట్టిగా తగులుతుంది. పాదంలో ఒక అక్షరం ముందుకు జరిగినట్టన్నమాట. గణం ఒక్కచోట కుదరలేదు, పద్యం మాత్రం నడుస్తూనే ఉంది. గుండె ఆరోగ్యంగా ఉన్నవారిలో ఇవి అప్పుడప్పుడు రావడం సర్వసాధారణం, ప్రమాదమూ అరుదు.

రెండో రకంలో లయ చెడదు, వేగం మారుతుంది. పరుగెత్తినప్పుడూ, జ్వరంలోనూ, భయంలోనూ వేగం క్రమంగా పెరిగి క్రమంగా తగ్గుతుంది. అలా కాక, ఊరికే కూర్చున్న మనిషికి మీట నొక్కినట్టు ఒక్కసారి మొదలై, నిమిషానికి 150 నుంచి 220 దాకా సమంగా కొట్టుకుని, మళ్ళీ మీట తీసినట్టు ఆగిపోతే అది వేరే సంగతి. గుండెలో విద్యుత్తు ఒక అడ్డదారి పట్టి గిరగిర తిరగడం వల్ల ఇది వస్తుంది. యువతీయువకుల్లో కూడా వస్తుంది. చాలామందికి దీన్ని శాశ్వతంగా నయం చేసే చికిత్స ఉంది.

మూడో రకంలో గణమే లేదు. ఏ రెండు దెబ్బల మధ్య ఎడమూ ఒకేలా ఉండదు. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. ఇందులో కర్ణికలు ముడుచుకోవడం మాని ఊరికే అదురుతుంటాయి. కదలని నీటికి నాచు పట్టినట్టు అక్కడ రక్తం గడ్డకడుతుంది. దీనివల్ల పక్షవాతం వచ్చే ప్రమాదం దాదాపు అయిదు రెట్లు పెరుగుతుంది. వయసు మళ్ళినవారిలో ఇది ఎక్కువ. మన దేశంలో మాత్రం కీళ్ళవాత జ్వరం వల్ల కవాటం చెడిన చిన్నవయసువారిలోనూ చూస్తాం. ఆ జ్వరానికి మూలం బాల్యంలో సరిగా వైద్యం అందని గొంతునొప్పి. ఇరుకిళ్ళూ పేదరికమూ ఉన్నచోటే అది పెరుగుతుంది. గొంతునొప్పికి సకాలంలో పెన్సిలిన్ ఇస్తే ఆ జ్వరాన్ని నివారించవచ్చు. ఒకసారి ఆ జ్వరం వచ్చినవారికి మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి వేస్తారు. మా అక్క గుండె లయ తప్పడానికి బెంగ కారణం కాదు, సరైన సమయంలో అందని ఆ మందు కారణం.

3

ఏ దడ ప్రమాదం, ఏది కాదు అని విడదీసి చూపిన తొలి వ్యక్తుల్లో జేమ్స్ మెకంజీ ముఖ్యుడు. ఈయన 1879 నుంచి 1907 దాకా ఇంగ్లండులో బర్న్‌లీ అనే మిల్లుల పట్టణంలో సామాన్య వైద్యుడు. నేతమిల్లుల కార్మికులు ఆయన రోగులు. మణికట్టు దగ్గరి నాడినీ మెడలోని సిరనూ ఒకేసారి కాగితం మీద గీసే పరికరాన్ని వాడి, అదే మనుషుల్ని ఏళ్ళ తరబడి గమనించి, వాళ్ళు చెప్పింది రాసుకున్నాడు. అప్పటి వైద్యులు ముందుపడే స్పందన ఒక్కటి దొరికితే చాలు, మనిషిని మంచానికి అంటగట్టేవారు. అలాంటివారు ఎందరో నిక్షేపంగా బతికారని మెకంజీ తన రాతల ఆధారంగా చూపాడు. కీళ్ళవాతంతో కవాటం చెడిన ఒక స్త్రీ విషయంలో మాత్రం, నాడి ఒక్కసారి పూర్తిగా లయ తప్పడాన్నీ, అదే సమయంలో మెడసిరలో కర్ణిక జాడ మాయమవడాన్నీ పట్టుకున్నాడు. 1902లో ఆయన నాడీపరిశీలన గ్రంథం వచ్చింది. ఈ పూర్తి లయభంగమే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని 1909లో థామస్ లూయిస్ ఇ.సి.జి. సాయంతో నిరూపించాడు. ఇ.సి.జి. యంత్రాన్ని రూపొందించిన హాలండు శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ మనం గ్రహించవలసింది, యంత్రం రాకముందే ఒక మామూలు వైద్యుడు ఓపికగా విని, తారీకుతో సహా రాసిపెట్టడం వల్ల సగం సత్యం బయటపడిందన్న సంగతి.

4

ఇప్పుడు అసలు చిక్కు. "అన్ని పరీక్షలూ చేశారు, ఏమీ లేదన్నారు, అయినా దడ వస్తోంది" అనేవారి మాటేమిటి? 1996లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో దడతో వచ్చిన 190 మందిని పరిశీలించారు. వారిలో నూటికి 43 మందికి గుండెకు సంబంధించిన కారణం, 31 మందికి ఆందోళన మొదలైన మానసిక కారణం, 10 మందికి ఇతర కారణాలు దొరికాయి. మిగిలిన 16 మందికి ఏ కారణమూ దొరకలేదు. ఏడాది లోపల మరణించినవారు మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. ఇది ఒక్క ఆసుపత్రి లెక్క. మన ఊళ్ళకు యథాతథంగా వర్తించదు. అయినా రెండు విషయాలు చెబుతుంది. వెతికితే ఎక్కువమందికి కారణం దొరుకుతుంది. దొరకనంతమాత్రాన ప్రాణం మీదికి వచ్చిందనీ కాదు, ఆ మనిషి అబద్ధం చెబుతోందనీ కాదు.

గుండెకు బయట ఉన్న కారణాల్లో మన దేశంలో ముందు చెప్పవలసింది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థం తగ్గితే, ఉన్న రక్తాన్నే ఎక్కువసార్లు తిప్పడానికి గుండె వేగం పెంచుతుంది. అంటే నాట్లు వేసి వచ్చి, అందరూ తిన్నాక మిగిలింది తినే స్త్రీకి వచ్చే దడలో ఆమె కుటుంబ వ్యవస్థ ఉంది. కానీ ఆ వ్యవస్థ ఆమె గుండెను చేరింది కవిత్వం ద్వారా కాదు, హీమోగ్లోబిన్ ద్వారా. సామాజిక కారణాన్ని చెప్పడానికి భౌతిక కారణాన్ని దాటెయ్యనక్కరలేదు. భౌతిక కారణాన్ని పట్టుకుంటేనే సామాజిక కారణం గట్టిగా నిలుస్తుంది.

థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే దడతోపాటు చెయ్యి వణుకు, ఒళ్ళు తగ్గడం, వేడి ఓర్చుకోలేకపోవడం ఉంటాయి. జ్వరం, వాంతులు, విరేచనాలు, వడదెబ్బ, గర్భం, ముట్లుడిగే వయసు, రక్తంలో చక్కెర పడిపోవడం, పొటాషియం తగ్గడం, ఇవన్నీ కారణాలే. ఉబ్బసానికి వాడే కొన్ని మందులూ, ముక్కుదిబ్బడకు వాడే కొన్ని మాత్రలూ దడ తెస్తాయి. రక్తపోటుకు ఇచ్చిన కొన్ని మందుల్ని హఠాత్తుగా మానేసినా వస్తుంది. పొగాకు తోటల్లో తడి ఆకు కోసేవారికి నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి చేరి వాంతులూ తలతిరుగుడూ, నాడిలో తేడాలూ తెస్తుంది. ఇక మన రచయిత మిత్రుల సంగతి: రాత్రి రెండింటిదాకా మేలుకుని, ఆరు గ్లాసుల చిక్కటి టీ తాగి, పెట్టె సిగరెట్లు కాల్చి, తెల్లవారి వచ్చిన దడకు అస్తిత్వ వేదన అని పేరుపెట్టడం ఆత్మవంచన.

ఆందోళన వల్ల వచ్చే దడ కూడా నిజమైన దడే. భయంలో ఆడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది. ఆ వేగాన్ని చూసి మరింత భయం. ఆ భయానికి మరింత వేగం. దీన్ని "ఊరికే అనుకోవడం" అని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు, దానికీ చికిత్స ఉంది. అయితే మానసికం అనే తీర్పు పరీక్షల చివర రావాలి, మొదట కాదు. 1997లో అమెరికాలో అచ్చయిన మరో అధ్యయనం ఈ విషయంలో కళ్ళు తెరిపిస్తుంది. మీట నొక్కినట్టు మొదలయ్యే రెండో రకం దడ ఉన్నట్టు చివరికి రుజువైన 107 మందిని తీసుకుని వెనక్కి చూశారు. సగానికి పైగా కేసుల్లో మొదటి పరీక్షలో అసలు సంగతి దొరకలేదు. చాలామందికి భయాందోళన అని పేరు పెట్టారు, అలా పేరు పెట్టించుకున్నవారిలో స్త్రీల పాలు ఎక్కువ. కాబట్టి మా అక్క విషయంలో జరిగింది ఒక ఊరి అజ్ఞానం కాదు. సాక్షి ఒక్కరే అయినప్పుడు, ఆ సాక్షి స్త్రీ అయినప్పుడు, లోకం తీర్పు చెప్పే పద్ధతి అది.

5

ఎప్పుడు వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి? ఈ భాగంలో అలంకారం ఒక్కటి కూడా ఉండకూడదు.

దడతోపాటు ఛాతీలో నొప్పిగాని బిగింపుగాని ఉంటే, ఊపిరి అందకపోతే, స్పృహ తప్పినా తప్పబోయినట్టు కళ్ళు చీకట్లు కమ్మినా, ఆలస్యం చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి, లేదా దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళాలి. మూతి వంకరపోవడం, మాట తడబడడం, ఒకపక్క చెయ్యి కాలు బలహీనపడడం కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. విశ్రాంతిగా కూర్చున్నా నాడి 120 దాటి తగ్గకుండా ఉంటే ఆ పూటే చూపించుకోవాలి. ఇదివరకే గుండెజబ్బు ఉన్నవారికి దడ కొత్తగా వస్తే తెల్లవారేదాకా వాయిదా వెయ్యకూడదు. పురుగుమందు కొట్టి వచ్చిన తర్వాత దడతోపాటు చెమట, వాంతి, చొంగ, చూపు మసకబారడం ఉంటే అది విషప్రయోగమని భావించి పరుగెత్తాలి.

దడ తగ్గిపోయినా వదిలెయ్యకూడని సందర్భాలున్నాయి. ఆటలోనో బరువైన పనిలోనో ఉండగా దడ వచ్చి పడిపోయినవారు, రక్తసంబంధీకుల్లో నలభై ఏళ్ళలోపు ఎవరైనా హఠాత్తుగా మరణించినవారు, బాల్యంలో కీళ్ళవాత జ్వరం వచ్చినవారు, గర్భిణులు తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి. దడ పదేపదే వస్తున్నా, రానురాను ఎక్కువసేపు ఉంటున్నా, నాడి అసలు లయ లేకుండా నడుస్తున్నా కొద్ది రోజుల్లోనే వెళ్ళాలి. ఎప్పుడో ఒకసారి క్షణంపాటు వచ్చి, వేరే ఏ బాధా లేకుండా పోయే దడకు మాత్రం కంగారు అక్కరలేదు. టీ, పొగాకు, మద్యం తగ్గించి, నిద్ర సరిచేసుకుని గమనిస్తే చాలు.

వైద్యుడు సాధారణంగా ఇ.సి.జి. తీస్తాడు. హీమోగ్లోబిన్, థైరాయిడ్, అవసరమైతే లవణాల పరీక్షలు చేయిస్తాడు. గుండె నిర్మాణం చూడడానికి ఎకో పరీక్ష ఉంది. దడ లేనప్పుడు తీసిన ఇ.సి.జి. మామూలుగా ఉండడం దడ లేదనడానికి రుజువు కాదు. అది పది క్షణాల ఛాయాచిత్రం మాత్రమే. అందుకే 24 గంటలో అంతకన్నా ఎక్కువో గుండెలయను రాసే హోల్టర్ పరికరం ఉంది. నార్మన్ హోల్టర్ దాన్ని మొదట రూపొందించినప్పుడు అది వీపున మోయవలసిన 38 కిలోల మూట. ఇప్పుడు జేబులో పడుతుంది. చేతి గడియారాలు కూడా ఈనాడు లయను రాస్తున్నాయి. అవి రాసింది వైద్యుడికి చూపడం మంచిదే. అవి ఊరుకున్నంతమాత్రాన భద్రమనీ, మోగినంతమాత్రాన జబ్బనీ అనుకోకూడదు.

యంత్రాలు అందనివారి చేతిలో కూడా ఒక సాధనం ఉంది. బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, గడియారం చూస్తూ నాడిని నిండు నిమిషం లెక్కపెట్టాలి. తర్వాత ఇవి రాసుకోవాలి: తారీకు, సమయం, అప్పుడేం చేస్తున్నారు, ఒక్కసారి మొదలైందా, మెల్లగా పెరిగిందా, సమమా, కాదా, ఎంతసేపు, ఎలా ఆగింది, తోడుగా ఏ బాధ ఉంది, అంతకుముందు ఏం తిన్నారు, ఏం తాగారు, ఏ మందు వేసుకున్నారు. ఆ లయను బల్ల మీద వేలితో కొట్టి వైద్యుడికి వినిపించాలి. చాలామంది వైద్యులు తామే అలా అడుగుతారు. తాళం తెలిసిన జాతికి ఇది చేతకాని పని కాదు. సొంతంగా నిద్రమాత్రలు వేసుకోవడం, పక్కింటివారి గుండె మాత్రలు అరువు తెచ్చుకోవడం, వాడుతున్న మందుల్ని చెప్పకుండా మానెయ్యడం చెయ్యకూడదు.

6

కొడవటిగంటి కుటుంబరావు కథలతోపాటు సైన్సు వ్యాసాలు కూడా రాశారు. రచయితకు అది పక్కపని అని ఆయన అనుకోలేదు. ఆ సంప్రదాయం మన దగ్గర పలచబడింది. రోగాన్ని ప్రతీకగా మార్చడం సులువు; రోగిని వినడం కష్టం. ప్రతీకలు రాయవద్దని నేననడం లేదు. గుండె ఝల్లుమనే వాక్యాలు భాషలో ఉంటాయి, ఉండాలి. కానీ ఒక పాత్రకు దడ వచ్చిందని రాసేముందు ఆ పాత్ర ఏం తిన్నది, ఎన్ని గంటలు పనిచేసింది, ఎవరికి చెప్పుకుంది, విన్నవారు ఏమన్నారు అని అడిగితే, మన వాస్తవికతకు మరికొంత బలం వస్తుంది. విద్యార్థులు పరిశోధనకు అంశాలు వెతుకుతున్నారు. తెలుగు కథల్లో శరీర బాధను ఎవరు చెప్పారు, ఎవరు నమ్మారు అనే కోణంలో చదివితే పని చాలా ఉంది.

మా అక్క బతికింది. తొడ దగ్గరి రక్తనాళం గుండా బెలూన్ పంపి ఆమె కవాటాన్ని విప్పారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకుంటుంది, క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయించుకుంటుంది. మాట చాలావరకు తిరిగి వచ్చింది. కుడిచెయ్యి పూర్తిగా రాలేదు. మిషను ఇప్పుడు మేనకోడలు తొక్కుతోంది. నా కథ అచ్చయిన ప్రతి ఇంకా నా దగ్గరుంది. తర్వాత నేను వేసుకున్న సంపుటిలో దాన్ని చేర్చలేదు. ప్రతి ఏడాదీ పదో తరగతిలో ఉపమాలంకారం చెప్పేటప్పుడు పిల్లలకు ఆ కుట్ల సంగతి చెబుతాను. ఉపమేయం ఏది, ఉపమానం ఏది అని అడిగిన తర్వాత, ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను: ఈ మాట మీ ఇంట్లో ఎవరైనా అంటే, మీరు ముందు ఏం చేస్తారు? మొదటి ఏడాది ఎవరూ జవాబు చెప్పలేదు. ఈ ఏడాది ఒక అమ్మాయి లేచి, "నాడి పట్టుకుని లెక్కపెడతాను సార్" అంది.